నైరుతి మూల వాలు

గుడివాడ పళ్లెంలా చదునుగా ఉంటుందని అందరూ అంటారు. కాళ్లతో నడిచేవాళ్ల మాట అది. చేతులతో తిరిగేదాన్ని, నన్నడగండి చెబుతాను. కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఎక్కడ భుజాలు పట్టేస్తాయో, బస్టాండు ముందు రోడ్డు ఏ పక్కకి జారుతుందో, మా వీధిలో ఎవరింటి ముందు సైడు కాలవ మీద వేసిన బండ ఎంత ఏటవాలుగా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. పసితనంలో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. హైస్కూలు చదువు అయిపోయాక చేత్తో తిప్పే మూడు చక్రాల బండి వచ్చింది. అప్పట్నుంచీ లోకంలో నాకు రెండు రకాల చోట్లే ఉన్నాయి, బండి వెళ్లేవి, వెళ్లనివి.

వెళ్లని చోట్లకి మనుషులు ఎత్తుకెళ్లేవాళ్లు. మచిలీపట్నంలో ఎమ్మే పరీక్షలు మేడ మీద పెడితే ముక్కూ మొహం తెలియని ఇద్దరు నన్ను కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. మా అమ్మ పక్కనే నడుస్తూ, నా చీర కుచ్చిళ్లు పైకి జరక్కుండా మడమల దగ్గర పట్టుకుని వచ్చింది. ఎత్తేవాళ్లందరికీ ఒకే మాట అలవాటు. అసలు బరువే లేదండీ అంటారు. అది పొగడ్త అనుకుంటారు కాబోలు. ఆ పరీక్షలో ఏం రాశానో నాకు గుర్తు లేదు గాని, ఆ ఇద్దరిలో ఒకాయన చొక్కా చెమట వాసన మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

చర్చిలోనూ అంతే. రోగిని మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి లోపలికి దింపిన నలుగురి గురించి పాస్టరుగారు ప్రసంగం చేసినప్పుడల్లా సంఘమంతా మెడలు తిప్పి నా వైపు చూసేది. ఆ నలుగురూ ఎంత మంచివాళ్లో ఏటా వింటాం. మంచం మీదున్నవాడికి ఎలా ఉందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చి అమ్మ మీద విసుక్కునేదాన్ని. వాళ్లు మంచికే చూస్తున్నారే అనేది అమ్మ. ఆ మంచితోనే నేను వేగలేకపోయాను.

కాబట్టి నా కోరిక చాలా చిన్నది. ఎవరూ ఎత్తకుండా, నా అంతట నేను ఒక తరగతి గదిలోకి వెళ్లి పాఠం చెప్పాలి. దాని కోసం రెండేళ్లు తల బాదుకున్నాను.

తొంభైల చివర్లో మా ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు ఇంగ్లిషు చెప్పమని పిలిచారు. అప్పటిదాకా ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేదాన్ని. ఆ కాలేజీ కరస్పాండెంటుగారి అమ్మాయి నా దగ్గరే చదువుకుంది. ఆయనది మొవ్వ పక్కన పల్లెటూరు. పొలాలు తమ్ముడికి అప్పగించి, గుడివాడ వచ్చి కాలేజీ పెట్టారు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. అటెండరుని కూడా ఏవండీ అనే పిలుస్తారు. లేదు, కాదు, కుదరదు అన్న మాటలు ఆయన నోట ఎవరూ విని ఉండరు. మనిషి మంచివారని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవారైతే మొదటి నెల్లోనే పోట్లాడి ఇంటికొచ్చేసేదాన్ని.

కాలేజీ తూర్పు ముఖంగా ఉంది. గుమ్మం ముందు అయిదు మెట్లు. ఒకప్పుడు దక్షిణం వైపు గుమ్మం, నాలుగు మెట్లు ఉండేవట. ఫలితాలు రాలేదని బందరు నుంచి సిద్ధాంతిగారిని పిలిపిస్తే, ఆయన గుమ్మాన్ని ఈశాన్యం వైపు మార్పించి, మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని ఇంకోటి పెంచారట. ఆ పెంచిన మెట్టు మీద నాకు ప్రత్యేకంగా కోపం ఉండేది.

మొదటిరోజు ఇద్దరు అటెండర్లు నన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. పిల్లలందరూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు. కుర్చీ అయిదో మెట్టు దాటేసరికి చప్పట్లు కొట్టారు. కొత్త మేడమ్‌కి ధైర్యం చెబుదామని ఎవరో లెక్చరరే కొట్టమన్నారట. అమ్మ ఆ రోజు రాలేదు, చీర అంచు పట్టుకునేవాళ్లు లేరు. ముందు వరసలో ఉన్న ఆడపిల్ల ఒకతి పైకి జరిగిన నా చీర చూసి తల దించుకుంది. నేను లోపల ఏదో పాఠం చెప్పి, మళ్లీ అదే కుర్చీలో దిగి, నేరుగా కరస్పాండెంటుగారితో చెప్పాను. రేపట్నుంచి నన్నెవరూ ఎత్తడానికి వీల్లేదు, మెట్ల పక్కన బండి ఎక్కేలా వాలుగా కట్టించండి అని. ఆయన రెండు చేతులూ జోడించినంత పని చేశారు. తప్పకుండానమ్మా, ఇది మేం ముందే ఆలోచించాల్సింది, చేయిద్దాం అన్నారు.

అప్పటిదాకా ఎక్కడ చెప్పాలి? సైకిల్ స్టాండులో. కాంపౌండు లోపల బండి వెళ్లే చదునైన చోటు అదొక్కటే. సిమెంటు రేకుల షెడ్డు. సైకిళ్లన్నీ ఒక పక్కకి నెట్టి బెంచీలు వేశారు. స్తంభానికి మేకు కొట్టి చిన్న నల్లబల్ల వేలాడదీశారు. ఎండాకాలం రేకుల వేడికి సుద్దముక్క చేతికి అంటుకునేది. వానాకాలం రేకుల మీద చినుకుల మోతకి నా మాట రెండో బెంచీ దాటేది కాదు. మధ్యలో ఎవరికో జ్వరమనో, ఇంటి నుంచి ఫోను వచ్చిందనో సైకిలు తీసుకోవడానికి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి పడేసి, సారీ మేడమ్ అని వెళ్లిపోయేవాళ్లు. కరస్పాండెంటుగారు మాత్రం వచ్చిన తల్లిదండ్రులందరికీ ఆ షెడ్డు చూపించేవారు. మా మేడమ్ కోసం క్లాసే బయటికి కదిలొచ్చిందండీ అనేవారు. వాళ్లు నా వైపు చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను వ్యాకరణం చెబుతూ పళ్లు నూరుకునేదాన్ని.

ఆ షెడ్డులోనే ఒకరోజు పాఠంలో ఇన్‌క్లైన్డ్ అనే మాట వచ్చింది. దానికి మొదటి అర్థం, వాలుగా ఉన్న అని. ఆ ఒక్క ముక్క చెప్పడమే మా ప్రాంతంలో కష్టం. అవనిగడ్డ అవతల లంకల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు, కొండ అన్నది బెజవాడ వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూసినవాళ్లు. పులిగడ్డ వంతెన ఎక్కేటప్పుడు మీ బస్సు మూలుగుతుందే, ఆ రోడ్డు లాంటిది అన్నాను. వెంటనే ఎక్కింది. రెండో అర్థం మనసుకి సంబంధించింది. ఒక పని చేద్దామనో, ఒక మాట ఒప్పుకుందామనో మనసు అటు మొగ్గు చూపడం. ప్రోన్ అన్న మాట దీనికి దగ్గరి చుట్టమే గాని, దాన్ని జలుబుకీ కోపానికీ వాడతాం, ఎవరూ కోరి తెచ్చుకోని వాటికి. ఇన్‌క్లైన్డ్‌లో కాస్త ఇష్టం కలిసి ఉంటుంది. మా తాతయ్య భోజనం కాగానే నిద్రకి ఇన్‌క్లైన్డ్ అని ఒకడు వాక్యం చెప్పాడు. మా గేదె ఎప్పుడూ పక్కవాళ్ల చేలోకి వెళ్లడానికే ఇన్‌క్లైన్డ్ అంది ఒకమ్మాయి. గేదె వాక్యం నాకు భలే నచ్చింది.

తర్వాత అసలు సంగతి చెప్పాను. ఒప్పుకుంటున్నాను అనడం వేరు, ఒప్పుకోవడానికి ఇన్‌క్లైన్డ్‌గా ఉన్నాను అనడం వేరు. మొదటిదానిలో మాట ఇచ్చేశావు. రెండోదానిలో మనసు అటుందని చెప్పావు, అంతే. రేపు ఒప్పుకోకపోయినా నిన్నెవరూ పట్టుకోలేరు. ఇంగ్లిషువాళ్లు మర్యాదగా తప్పించుకోవాలనుకున్నప్పుడు ఈ మాట వాడతారు అన్నాను. అప్పుడు చూసుకోలేదు, వెనకాల సైకిలుకి ఆనుకుని కరస్పాండెంటుగారు కూడా వింటున్నారు.

బెల్లు కొట్టాక దగ్గరికి వచ్చారు. ఆయనకి ఇంగ్లిషంటే మహా ఇష్టం, అంతకు మించి బెదురు. బందరులో అధికార్ల దగ్గరికి వెళ్లినప్పుడు మాట తడబడుతోందని, నా చేత అప్పుడప్పుడూ మంచి మాటలు చెప్పించుకునేవారు.

"అంటే, చేస్తానని మాట ఇచ్చినట్టూ కాదు, చెయ్యనని మొహం మీద అన్నట్టూ కాదు. అంతేనా అమ్మా?"

అంతేనండీ అన్నాను.

"ఎంత మర్యాదైన మాటమ్మా" అన్నారు. నిజంగానే ముచ్చటపడ్డారు.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఆ తర్వాత తెలిసింది. సెలవు అడిగిన లెక్చరరుకి అదే మాట. ఫ్యాను తిరగడం లేదన్న హాస్టలు పిల్లలకి అదే మాట. నెలకోసారి నేను వాలు సంగతి అడిగితే, అయామ్ ఇన్‌క్లైన్డ్ మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ ఇన్‌క్లైన్డ్ అనేవారు. నూటికి నూరుపాళ్లు మొగ్గాక ఇంకా మొగ్గడం ఏమిటండీ, చేసెయ్యడమే కదా అని ఆ వాక్యాన్ని దిద్దాలనిపించేది. దిద్దితే ఏం లాభం, ఆయనకి కావలసింది ఆ తప్పు వాక్యమే.

మధ్యలో ఫిజిక్సు చెప్పే ఆయన ఉత్సాహపడి చెక్క బల్ల ఒకటి తెప్పించి మెట్ల మీద ఏటవాలుగా వేయించారు. వాలు పొడుగయ్యేకొద్దీ శ్రమ తగ్గుతుందని ఆయనే పిల్లలకి బొమ్మ గీసి చెబుతారు. తెచ్చిన బల్ల మాత్రం పొట్టిది. బండి సగం ఎక్కి నిలబడిపోయింది. నేను రెండు చేతులా పెడళ్లు బిగించి పట్టుకున్నాను, వెనక్కి జారిపోతుంటే ఇద్దరు పరిగెత్తుకొచ్చి పట్టుకుని, ఎలాగూ పట్టుకున్నాం కదా మేడమ్, ఇట్నుంచి ఇటే ఎత్తేస్తాం అన్నారు. వద్దు దించండి అని అరిచాను. ఫిజిక్సాయన నొచ్చుకున్నారు. మేడమ్‌కి కోపం ఎక్కువ అని కాలేజీలో పేరు పడింది.

చివరికి కరస్పాండెంటుగారు సిద్ధాంతిగారిని అడిగారట. సిద్ధాంతిగారు మెట్ల పక్కన వద్దన్నారు. ఈశాన్యం పల్లంగా, తేలిగ్గా ఉండాలి, అక్కడ మట్టి పోసి ర్యాంపు కడితే బరువు పెరుగుతుందన్నారు. మెట్లయితే బేసి లెక్క చూసుకోవచ్చు, వాలుకి లెక్కేమిటి అని కూడా అన్నారట. అయితే నైరుతి మూల ఎంత మెరకగా ఉంటే అంత మంచిదని, ఆ మూల కట్టుకోండి, కాలేజీకి కలిసొస్తుందని చెప్పారట. కరస్పాండెంటుగారు ఆ కబురు చెప్పడానికి షెడ్డు దాకా దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. నేను కోరింది, సిద్ధాంతిగారు మెచ్చింది ఒకటే అయినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. ఎటైతే నాకేం, లోపలికి వెళ్తే చాలు అన్నాను.

అన్నాళ్లు కదలని పని వారంలో మొదలైంది. మేస్త్రి నన్ను కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాడు. బండి వెడల్పు ఎంత, మలుపుకి ఎంత జాగా కావాలి, ఎంత వాలైతే చేతులు నొప్పెట్టవు. పక్కల్లో చక్రం జారిపోకుండా అంచు కట్టాడు. పైన బండి తిప్పుకోవడానికి చదునుగా గచ్చు వేశాడు. సిమెంటు తడి మీద జారకుండా గీతలు గీశాడు. గుడివాడలో నేనెక్కిన వాలుల్లో అంత చక్కటిది లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. సిమెంటు ఆరాక ఒక పొద్దున్న నేనొక్కదాన్నే ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. భుజం పట్టలేదు. నా కోసమని ఒకరు కట్టిన మొదటి వాలు అది. పైకి చేరి, బ్రేకు వేసి, ఎదురుగా ఉన్న గోడ మీద చెయ్యి పెట్టాను. పక్కన ఊచల కిటికీ. అందులోంచి సెకండియర్ గది, బెంచీలు, గోడ పొడవునా నల్లబల్ల కనిపించాయి. ఏడుపొచ్చింది. ఇక తలుపు ఒక్కటే కదా అనుకున్నాను.

ఇంటికెళ్లి చెబితే అమ్మ సంతోషించలేదు. తలుపేది అంది. తర్వాత పెడతారంటే, తలుపు పెట్టి వాలు కడతారు గాని వాలు కట్టి తలుపు పెట్టడం ఏం పద్ధతే అంది. నీకన్నీ అనుమానాలే అని అమ్మ మీద కసురుకున్నాను.

తలుపుకి ముందు మూఢం అడ్డొచ్చింది. తర్వాత ఆషాఢం. ఆ తర్వాత మేస్త్రి వేరే పనిలో ఉన్నాడు. ఈలోగా ఆ ఏడాది ఫలితాలు కాలేజీకి ఎన్నడూ రానంత బాగా వచ్చాయి. పిల్లలు చదివారని గాని, షెడ్డులో గొంతు చించుకున్న నా వల్లనని గాని ఎవరూ అనలేదు. నైరుతి మెరక చేసినందుకు అన్నారు. దసరాకి ల్యాబులో పరికరాలతో పాటు ఆ వాలుకి కూడా అటెండరు పసుపూ కుంకుమా పెట్టాడు. ఎండ బాగా తగులుతుందని హాస్టలు వంటావిడ దాని మీద గుడ్డ పరిచి గుమ్మడి ఒడియాలు పెట్టింది. నేను షెడ్డులోంచి అవన్నీ చూస్తూ పాఠం చెప్పాను.

ఒకరోజు ఉండబట్టలేక అటెండరుని అడిగాను, ఈ తలుపు ఎప్పుడు పెడతారయ్యా అని. అతను నా వైపు జాలిగా చూశాడు. నైరుతిలో తలుపా మేడమ్, ఎవరన్నా పెడతారా, ఇంటి పెద్దకి గండం కదా అన్నాడు. అప్పుడు తెలిసింది. లెక్చరర్లందరికీ తెలుసు. మేస్త్రికి తెలుసు. ఒడియాల వంటావిడకి తెలుసు. మా ఇంట్లో వాస్తు చూడరు కనక తెలియనిది నాకొక్కదానికే. తలుపు పెట్టకూడని గోడకి దారి కట్టి, అది నాకు చూపించి, ఏడాదిగా ఆషాఢాలు చెబుతున్నారు. అడిగితే ఆయన కళ్లు నేల మీద పెట్టి, నా మనసు అటే ఉందమ్మా అన్నారు.

మానేస్తే పోయేది కదా అని మీరనొచ్చు. మూడుసార్లు మానేద్దామనుకున్నాను. పిల్లల మొహాలు చూసి కొంత, ఇన్నాళ్లు ఓపిక పట్టాను కదా, రేపే పెడతారేమో అని కొంత ఆగిపోయాను. ఆశ చెడ్డది. అది మనిషిని షెడ్డులోనే కూర్చోబెడుతుంది.

మరుసటి ఏడు గుర్తింపు ఇచ్చే వాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. వికలాంగులకి దారి ఉందో లేదో కూడా ఈసారి చూస్తారట. ముందురోజు సాయంత్రం కరస్పాండెంటుగారు స్కూటరు మీద మా ఇంటికొచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు అమ్మ ఆరోగ్యం గురించి, వానల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చారు. రేపు వాళ్లు వచ్చే ముందే నేను నైరుతి మూల గదిలో, నల్లబల్ల దగ్గర ఉండాలి. తూర్పు మెట్ల మీద నుంచి ఇద్దరు జాగ్రత్తగా తీసుకెళ్తారు. కావాలంటే ఆడవాళ్లనే పెడతారు.

"వాళ్లు బయట ర్యాంపు చూస్తారు, లోపల మిమ్మల్ని చూస్తారు. మనం ఒక్క అబద్ధం కూడా చెప్పక్కర్లేదమ్మా" అన్నారు.

అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చిన మనిషిని ఏమీ అనలేక, పొద్దున్నే వస్తానండీ అని మాత్రం అన్నాను. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లారు. ఆయన స్కూటరు మలుపు తిరగగానే అమ్మ వచ్చి, ఎత్తనిస్తావా అంది. లేదన్నాను.

పొద్దున్నే వెళ్లాను. గేటు నుంచి నేరుగా నైరుతి మూలకి పోనిచ్చాను. వాలు ఎక్కి, గోడకి ఎదురుగా బండి ఆపి, బ్రేకు బిగించి కూర్చున్నాను. లోపల పిల్లలు కిటికీ రెక్కలు తీసి, ఏంటి మేడమ్ అక్కడున్నారు అన్నారు. ఇవాళ ఇక్కణ్ణుంచే పాఠం అన్నాను. అటెండర్లిద్దరూ కుర్చీ పట్టుకొచ్చి కింద నిలబడ్డారు. రాను అన్నాను. కుర్చీ పట్టుకుని వెళ్లి, ఇంకొకర్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. రాను పొమ్మన్నాను. ఈలోగా జీపు రానే వచ్చింది.

వచ్చినవాళ్లు ఇద్దరు. ల్యాబు చూసి, మరుగుదొడ్లు చూసి, ఇటు వచ్చారు. వెనకాల కరస్పాండెంటుగారు. పైన నన్ను చూడగానే ఆయన మొహం తెల్లబోయింది. నేను గోడకి ఎదురుగా ఉన్నాను, ఎదురుగా సున్నం తప్ప ఏమీ లేదు. ఇంతకంటే ఎవరికి ఏం చెప్పాలి అనుకున్నాను. ఇద్దరిలో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వాలు చూశారు, బండి చూశారు, నన్ను చూశారు. చాలా సంతోషం, కట్టి వదిలెయ్యకుండా వాడుకలో కూడా పెట్టారు అన్నారు. రెండోవారు రాసుకున్నారు.

నేను మెడ తిప్పి వాళ్ల వైపు చూశాను. తర్వాత గట్టిగానే అన్నాను.

"సార్, ఇక్కడ తలుపు లేదండీ."

ఆయన గోడ వైపు, అది ఇప్పుడే లేచినట్టు, చూశారు. కరస్పాండెంటుగారు, పెట్టించే ఆలోచనలోనే ఉన్నామండీ అన్నారు. పెట్టించండి మరి, ఆవిడకి ఇబ్బంది కదా అని పెద్దాయన ఆఫీసు వైపు నడిచారు. అక్కడ టిఫిన్లు పెట్టారు. వాలు ఎక్కి నేను చేసిన గొడవంతా వాళ్ల కాగితంలో కాలేజీకి మంచి మార్కుగా పడింది. ఆ నిమిషంలో నాకు వచ్చిన కోపం ఎవరి మీదని చెప్పను. గోడని తన్నాలనిపించింది, కాళ్లు లేవవు.

జీపు వెళ్లిపోయాక కరస్పాండెంటుగారు ఒక్కరే వచ్చారు. తిడతారనుకున్నాను. వాలు ఎక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇక ఆగలేదు నేను. రెండేళ్లుగా షెడ్డులో వానలో అరిచింది, చప్పట్లు, ఒడియాలు, ఆషాఢాలు, అన్నీ అనేశాను. కిటికీలోంచి పిల్లలు వింటున్నా ఆగలేదు.

"నన్ను ఎత్తడానికి మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మనుషులు దొరుకుతారు. మీ మనసు ఎటుందో నాకు చెప్పొద్దు. తలుపు పెడతారా, పెట్టరా? ఒక్క మాట చెప్పండి."

ఆయన గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. కిటికీ దగ్గరున్న పిల్లల్ని లోపలికి వెళ్లి కూర్చోమని సైగ చేశారు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పారు.

"మొవ్వ దగ్గర మా ఇంటికి, ధాన్యం బస్తాలు దింపుకోవడానికి వీలుగా ఉంటుందని నైరుతిలో తలుపు పెట్టించానమ్మా. పెద్దలు వద్దన్నారు. నేనే చదువుకున్నవాణ్ణని వినలేదు. ఆ ఏడే మా పెద్దాడు పోయాడు. పాము. ఆ గుమ్మంలోనే." గోడ మీంచి చెయ్యి తీశారు. "మీరు నమ్మరు. నమ్మక్కర్లేదు. ఇక్కడ మూడు వందల మంది పిల్లలున్నారు. నేను పెట్టనమ్మా."

ఆయనకి ఒక కొడుకు పోయాడని నాకు తెలియదు. ఆయన కూతురు నా దగ్గర అన్నేళ్లు చదువుకుంది, అన్న ఉండేవాడని ఎప్పుడూ అనలేదు. పాముకి దిక్కులు తెలియవని అందామనుకున్నాను, అనలేకపోయాను. నా కోపం కూడా తగ్గలేదు. నా బండి బయటే ఉండిపోయిందన్నది ఎంత నిజమో, ఆయన భయం అంత నిజం, రెండింటి మధ్యా అదే గోడ. ఒకటి మాత్రం తెలిసింది. రెండేళ్లలో ఆయన నాకిచ్చిన మొదటి జవాబు అది. అప్పటిదాకా చూపించిన దయ అంతా కలిపినా, ఈ ఒక్క మాటంత గౌరవంగా లేదు. ఇది మొదటిరోజు కుర్చీ దిగినప్పుడే చెప్పి ఉంటే, నేను ఏడ్చి, తిట్టుకుని, ఇంకో చోటు వెతుక్కునేదాన్ని. నా రెండేళ్లు నాకు మిగిలేవి.

అదే అన్నాను. ఈ మాట అప్పుడే చెప్పాల్సిందండీ అని. ఎలా చెప్పనమ్మా, మీ మొహం చూసి అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఓదార్చే ఓపిక నాకు లేదు.

పిల్లలకి కిటికీలోంచే రేపట్నుంచి రానని చెప్పాను. బండి వెనక్కి తిప్పుకుని, దిగే వైపు మొహం పెట్టి, బ్రేకు వదలబోతుంటే ఆయన గబుక్కున వంగి సీటు వెనక రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు.

"వాలుగా ఉందమ్మా. పట్టుకుంటాను, జారిపోతారు."

"చేతులు తియ్యండి" అన్నాను.

ఆయన తియ్యలేదు. మళ్లీ అన్నాను. అప్పుడు ఒక చెయ్యి తీశారు, తర్వాత రెండోది. నేను బ్రేకు సగం పట్టి, మెల్లగా, ఒక్కదాన్నే దిగాను.